పీహెచ్‌పీ కోడ్‌లో ఆర్గ్యుమెంట్ టైపు తప్పులు ముందే పట్టుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

భీమవరంలో రొయ్యల కొనుగోలు బిల్లులు, ధాన్యం మిల్లుల స్టాకు లెక్కలు చూసే పీహెచ్‌పీ ప్రోగ్రాములు రాయడం నా పని. ఆకివీడు నుంచి అమలాపురం దాకా ఇదే పనిలో ఉన్న పిల్లలు ఫోన్ చేసి అడిగే సందేహాలు తిరిగి తిరిగి అవే వస్తున్నాయి. అందుకని వాళ్లు అడిగిన మాటల్లోనే ప్రశ్నలు పెట్టి జవాబులు రాశాను. ఏ ప్రశ్న దగ్గర తెరిచినా ఆ జవాబు దానంతట అదే అర్థం కావాలి, కాబట్టి కొన్ని సంగతులు రెండు మూడు చోట్ల మళ్లీ కనిపిస్తాయి. ఎక్కువగా చెప్పింది పీహెచ్‌పీస్టాన్ 2వ వెర్షన్ గురించి, అంటే కోడ్‌ని నడపకుండానే చదివి టైపు తప్పులు చూపించే ఉచిత సాధనం గురించి. ఆర్గ్యుమెంట్ అంటే ఫంక్షన్‌ని పిలిచేటప్పుడు ఇచ్చే విలువ, పారామీటర్ అంటే ఫంక్షన్‌లో దాన్ని అందుకునే పేరు.

## మొదలుపెట్టక ముందు

కోడ్ బాగానే నడుస్తోంది కదండీ, మళ్లీ ఈ చెకింగ్ ఎందుకు?

నడుస్తోందంటే లెక్క సరిగ్గా వస్తోందని కాదు. ఒక కొనుగోలు కేంద్రానికి బిల్లు వేసే ఫంక్షన్ రాశాను. కిలోలు, కౌంట్ (కిలోకి తూగే రొయ్యల సంఖ్య), రేటు అని మూడు పారామీటర్లు. కిలోలకి ఫ్లోట్ (దశాంశ సంఖ్య) అని పెట్టాల్సిన చోట ఇంట్ (పూర్ణ సంఖ్య) అని పెట్టాను. కాటా మీద 412.5 కిలోలు తూగింది. పీహెచ్‌పీ ఆ అర కిలో తీసేసి 412 తో లెక్క వేసింది. కిలో 300 రూపాయల చొప్పున రైతుకి 150 రూపాయలు తక్కువ వచ్చాయి. ఎర్రర్ లేదు, స్క్రీన్ ఆగలేదు. మూడో పట్టుబడి అయ్యాక ఒక పెద్దాయన తన చేతిరాత చీటీ తెచ్చి బిల్లు పక్కన పెట్టి, "మీ కాయితంలో అర కిలో ఎప్పుడూ రాదేంటి బాబూ?" అని అడిగారు. అప్పటికి ఎంతమంది తూకంలో ఎంత పోయిందో పాత చీటీలన్నీ తీసి లెక్కగట్టి ఇప్పించాం.

ఆ కోడ్‌లో తూకాన్ని పై లైన్లోనే ఫ్లోట్‌గా మార్చుకున్నాను. అంటే పీహెచ్‌పీస్టాన్‌తో ఎనాలిసిస్ ఒక్కసారి నడిపి ఉంటే, ఇంట్ కావాల్సిన చోట ఫ్లోట్ ఇస్తున్నావని ఆ లైను నంబరుతో సహా చెప్పేది. పీహెచ్‌పీ కూడా 8.1 వెర్షన్ నుంచి ఇలాంటి చోట డెప్రికేషన్ హెచ్చరిక (ఈ పద్ధతి ముందు ముందు చెల్లదని చెప్పేది) ఇస్తోంది, కానీ అది లాగ్ ఫైల్లో పడుతుంది, విలువ మాత్రం అలాగే తెగిపోతుంది. డబ్బు లెక్కేసే ప్రోగ్రాముకి ఈ చెకింగ్ అదనపు హంగు అనుకోకండి. బస్తాలు లారీకి ఎక్కించే ముందు కాటా సరిచూసుకోవడం లాంటిది.

స్టాటిక్ ఎనాలిసిస్ అంటే నా కోడ్‌ని రన్ చేసి చూస్తుందా?

రన్ చేయదు, చదువుతుంది. ఏ ఫంక్షన్ ఏ టైపు అడుగుతోంది, దాన్ని పిలిచే ప్రతి చోటా ఏ టైపు వెళ్తోంది, మధ్యలో ఇఫ్ కండిషన్ల వల్ల ఆ టైపు ఎలా మారుతోంది అని గుర్తుపెట్టుకుంటూ పోతుంది. డేటాబేస్ అక్కర్లేదు, సర్వర్ అక్కర్లేదు. ఏడాదికోసారి మాత్రమే నడిచే ముగింపు లెక్కల కోడ్‌ని కూడా రోజూ నడిచే కోడ్‌తో సమానంగా చూస్తుంది. నాకు దీనిలో అన్నిటికన్నా విలువైనది ఇదే.

ఫైల్ పైన స్ట్రిక్ట్ టైప్స్ (టైపులు కచ్చితంగా చూడమనే డిక్లరేషన్) పెట్టేశాను. అది చాలదా?

పెట్టడం మంచిదే, తీయకండి. 2015 డిసెంబరులో వచ్చిన పీహెచ్‌పీ 7.0 తోనే ఇంట్, స్ట్రింగ్ లాంటి టైపులు, ఈ డిక్లరేషన్ రెండూ వచ్చాయి. అది ఉన్న ఫైల్లోంచి పిలిచే పిలుపుల్లో, ఇంట్ అడిగిన చోట ఫ్లోట్ వెళ్తే విలువ తెగిపోకుండా టైప్ ఎర్రర్ పడుతుంది. ఇంట్ విలువని ఫ్లోట్ పారామీటర్‌కి ఇవ్వడం ఒక్కటే దానికి మినహాయింపు.

రెండు సంగతులు మరిచిపోతుంటారు. ఫంక్షన్ రాసిన ఫైల్లో కాదు, ఫంక్షన్‌ని పిలిచిన ఫైల్లో ఆ డిక్లరేషన్ ఉండాలి. రెండోది, ఆ ఎర్రర్ పడేది ప్రోగ్రాము నడుస్తున్నప్పుడు. అర్ధరాత్రి చెరువు గట్టున ఐస్ వేసిన ట్రేలు, ఎదురుగా లారీ, అప్పుడు బిల్లు స్క్రీన్ ఆగిపోతే పక్కనున్న గుమస్తా ఏం చేస్తాడు? ఎనాలిసిస్ అదే తప్పుని మధ్యాహ్నం మీ టేబుల్ దగ్గరే చూపిస్తుంది.

పీహెచ్‌పీస్టాన్, సామ్, ఫాన్ అంటున్నారు. ఏది వాడాలి?

మూడూ ఉచితమే, మూడూ ఆర్గ్యుమెంట్ టైపులు చూస్తాయి. పీహెచ్‌పీస్టాన్‌ని ఒండ్రెయ్ మిర్టెస్ 2016లో విడుదల చేశారు. సామ్ విమియో కంపెనీలో పుట్టింది. ఫాన్‌ని మొదలుపెట్టింది పీహెచ్‌పీని సృష్టించిన రాస్మస్ లెర్డార్ఫే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను పీహెచ్‌పీస్టాన్ చెబుతాను: లారావెల్, సింఫనీ, డాక్ట్రిన్, వర్డ్‌ప్రెస్‌లకి ఎక్స్‌టెన్షన్లు సులువుగా దొరుకుతాయి, తప్పుల సందేశాలు సూటిగా ఉంటాయి. బయటి నుంచి వచ్చిన డేటా శుభ్రం చేయకుండా డేటాబేస్ క్వెరీ దాకా వెళ్తోందా అని చూసే టెయింట్ ఎనాలిసిస్ కావాలంటే సామ్ చూడండి. ఒకటి గమనించండి, లెవెళ్లు రెండింటికీ తలకిందులు. పీహెచ్‌పీస్టాన్‌లో 0 సులువు, 10 కఠినం. సామ్‌లో 8 సులువు, 1 కఠినం.

మా క్లయింట్ సర్వర్‌లో ఇంకా 7.4 ఉంది. కుదురుతుందా?

కుదురుతుంది. పీహెచ్‌పీస్టాన్ 2 నడవడానికి 7.4 చాలు. మీ లాప్‌టాప్‌లో కొత్త పీహెచ్‌పీ ఉన్నా పర్వాలేదు, కాన్ఫిగ్‌లో వెర్షన్ 70400 అని రాస్తే ఆ వెర్షన్ లెక్కల ప్రకారమే చూస్తుంది. 7.4కి భద్రతా అప్‌డేట్లు 2022 నవంబరులోనే ఆగిపోయాయి కాబట్టి ఎప్పటికైనా మారక తప్పదు. ఆ మారే రోజుకి ముందు, వెర్షన్ నంబరు ఒక్కటి పెంచి మళ్లీ ఎనాలిసిస్ నడిపితే ఎక్కడెక్కడ తేడా వస్తుందో చాలావరకు ముందే బయటపడుతుంది.

## పెట్టుకునేటప్పుడు

ఇన్‌స్టాల్ చేస్తే మా పాత ప్యాకేజీలు పాడవుతాయేమో?

పాడవ్వవు. పీహెచ్‌పీ ప్యాకేజీలు తెచ్చిపెట్టే కంపోజర్‌తో డెవ్ ప్యాకేజీగా (కోడ్ రాసే మెషీన్‌కి మాత్రమే) తెచ్చుకుంటే అన్నీ ఒకే ఫార్ (పీహెచ్‌పీ ఆర్కైవ్) ఫైల్లో కట్టి వస్తుంది, కాబట్టి మీ ప్యాకేజీల వెర్షన్లతో గొడవ పడదు. లైవ్ సర్వర్‌కి వెళ్లేటప్పుడు డెవ్ ప్యాకేజీలు లేకుండా ఇన్‌స్టాల్ చేస్తారు కనుక అక్కడికి చేరదు కూడా. ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఒక నియాన్ ఫైల్ (కాన్ఫిగ్ ఫైల్) పెట్టి, చూడాల్సిన ఫోల్డర్లు, లెవెల్ రాస్తే చాలు.

ఏ లెవెల్ దగ్గర మొదలుపెట్టాలి?

ఆర్గ్యుమెంట్ టైపులు చూడటం మొదలయ్యేది లెవెల్ 5లో. అంతకు ముందు 0లో లేని క్లాసులు, లేని ఫంక్షన్లు, ఆర్గ్యుమెంట్ల సంఖ్య తప్పు కావడం చూస్తుంది. 3లో రిటర్న్ టైపులు, 4లో ఎప్పటికీ నడవని కోడ్.

5లో కూడా పూర్తిగా తప్పయితేనే చెబుతుంది. ఇంట్ అడిగిన చోట ఇంట్ గానీ స్ట్రింగ్ గానీ రావచ్చు అనే విలువ ఇస్తే, సగం సరిపోయింది కదా అని వదిలేస్తుంది. ఆ సగం తప్పుని పట్టేది 7. నల్ (విలువే లేకపోవడం) రావచ్చు అనే విలువని పట్టేది 8. టైపే తెలియని మిక్స్‌డ్ విలువని ఇస్తే పట్టేది 9. మీరు టైపు రాయకపోవడం వల్ల మిక్స్‌డ్ అయిపోయినవాటిని కూడా అంతే గట్టిగా చూసేది 10.

పాత ప్రాజెక్టయితే 5తో మొదలుపెట్టండి, ఆరు నెలల్లో 8కి రండి. కొత్త ప్రాజెక్టయితే మొదటి రోజే 9 పెట్టండి. ఖాళీ ఫోల్డర్‌లో 9 ఏమాత్రం బరువు కాదు. ఏడాది తర్వాత పెడదామనుకుంటేనే అది కొండంత అవుతుంది.

నడిపితే వేలల్లో తప్పులు వచ్చాయి. ఇవన్నీ ఎవరు సరిచేస్తారండీ?

అన్నీ ఇప్పుడే సరిచేయక్కర్లేదు. బేస్‌లైన్ అనే సౌకర్యం ఉంది. ఇవాళ ఉన్న తప్పులన్నిటినీ ఒక ఫైల్లో రాసి పక్కన పెడుతుంది. రేపటి నుంచి కొత్తగా వచ్చిన తప్పులే కనిపిస్తాయి. పాత తప్పు ఒకటి సరిచేస్తే, ఆ ఎంట్రీ ఇక అక్కర్లేదు, తీసేయమని అదే గుర్తుచేస్తుంది.

బేస్‌లైన్ కట్టే ముందు మాత్రం ఒక పూట కూర్చుని ఆ జాబితా చదవండి. డబ్బు, తూకం, తేదీ తగిలే ఫంక్షన్ల మీద వచ్చిన తప్పుల్ని వేరు చేసి వాటిని ముందు సరిచేయండి, మిగిలినవి ఫైల్లోకి పంపండి. చదవకుండా అన్నీ కట్టగట్టి పక్కన పెట్టిన చోటే అసలు నష్టం దాక్కుని ఉండటం చాలాసార్లు చూశాను.

మెమరీ చాల్లేదని మధ్యలో ఆగిపోతోంది.

ఆదేశం చివర మెమరీ లిమిట్ ఆప్షన్‌తో 1 జీబీ ఇవ్వండి. బయటి ప్యాకేజీలుండే వెండర్ ఫోల్డర్‌ని చూడాల్సిన ఫోల్డర్ల జాబితాలో పెట్టకండి. రెండోసారి నుంచి మారిన ఫైళ్లు, వాటి మీద ఆధారపడ్డ ఫైళ్లే చూస్తుంది కాబట్టి త్వరగా అయిపోతుంది.

## తప్పు చదివేటప్పుడు

"పారామీటర్ 2 ఎక్స్‌పెక్ట్స్ ఇంట్, స్ట్రింగ్ గివెన్" అంటోంది. ఎక్కడ చూడాలి?

ఆ సందేశంలో నాలుగు ముక్కలు ఉంటాయి: ఎన్నో పారామీటర్, ఏ ఫంక్షన్‌ది, అది ఏం అడుగుతోంది, మీరు ఏం ఇచ్చారు. ఎడమ పక్క చూపించే లైను నంబరు పిలిచిన చోటుది. చాలామంది నేరుగా ఆ లైను మీద పడి అక్కడే ఏదో మార్చేస్తారు. నేను చెప్పేది, ముందు "ఈ విలువ స్ట్రింగ్ ఎక్కడ అయింది?" అని అడగండి. ఆ వేరియబుల్ పుట్టిన చోటు నుంచి కిందికి ఒక్కో లైనూ దిగండి. మధ్యలో టైపు ఎక్కడ మారిందో తెలియకపోతే పీహెచ్‌పీస్టాన్‌కి డంప్ టైప్ అనే సొంత ఫంక్షన్ ఉంది. అనుమానం ఉన్న లైను కింద దాన్ని రాసి ఎనాలిసిస్ నడిపితే ఆ చోట ఆ వేరియబుల్ ఏ టైపని అనుకుంటోందో చెబుతుంది. చూసుకున్నాక తీసేయండి.

స్ట్రింగ్‌కి బదులు "స్ట్రింగ్ లేదా ఫాల్స్ గివెన్" అంటోంది. ఫాల్స్ నేను ఇవ్వలేదే?

మీరు ఇవ్వలేదు, పీహెచ్‌పీ ఫంక్షన్ ఇచ్చింది. ఫైల్ చదివే ఫంక్షన్ ఫైల్ తెరవలేకపోతే ఫాల్స్ ఇస్తుంది. తేదీ వాక్యాన్ని టైమ్‌స్టాంప్‌గా మార్చే స్ట్ర్‌టుటైమ్, తేదీ అర్థం కాకపోతే ఫాల్స్ ఇస్తుంది. స్ట్రింగ్‌లో వెతికే స్ట్ర్‌పాస్ దొరక్కపోతే అంతే. ఈ తప్పులు లెవెల్ 7 నుంచి కనిపిస్తాయి.

సరిచేయడం తేలిక. ఫలితం ఫాల్స్‌కి మూడు సమానాల గుర్తుతో సమానమా అని అడిగి, అయితే అక్కడే ఆపేయండి. ఆ ఇఫ్ దాటాక అది స్ట్రింగ్ మాత్రమే అని పీహెచ్‌పీస్టాన్‌కి తెలిసిపోతుంది. మూడు సమానాలు ఎందుకంటే, స్ట్ర్‌పాస్ ఇచ్చే 0 కూడా మామూలు ఇఫ్‌లో ఫాల్స్‌లాగే కనిపిస్తుంది. మొదటి అక్షరంలోనే దొరికినా దొరకలేదనుకుంటాం.

నల్ వెళ్తుందని ఎర్రర్. ఇన్నాళ్లూ ఏమీ కాలేదు కదా?

పీహెచ్‌పీలోని అంతర్గత ఫంక్షన్లకి నల్ ఇస్తే పూర్వం దాన్ని ఖాళీ స్ట్రింగ్‌గానో 0 గానో తీసుకునేది. 8.1 నుంచి దానికి డెప్రికేషన్ హెచ్చరిక వస్తోంది. మీరు రాసిన ఫంక్షన్లలో అయితే ఇంట్ అడిగిన చోట నల్ ఇస్తే ఎప్పుడూ టైప్ ఎర్రరే.

ఎక్కువగా ఇది డేటాబేస్‌లో ఖాళీగా వదిలేసిన కాలమ్ నుంచి వస్తుంది. అప్పుడు నిర్ణయం కోడ్‌ది కాదు, వ్యాపారానిది. రేటు ఇంకా కుదరని పట్టుబడికి రేటు నల్ అని ఉంటే, దాన్ని 0 చేసి బిల్లు వేయడం తప్పు. రైతుకి సున్నా రూపాయల బిల్లు వెళ్తుంది. రేటు లేకపోతే బిల్లే రాకూడదు. నల్ అయితే 0 తీసుకోమని ప్రశ్న గుర్తులు రెండు పెట్టి పక్కన 0 రాసే ముందు, ఆ 0 నిజంగా అర్థవంతమేనా అని కొనుగోలు చూసేవాళ్లని అడగండి.

లెవెల్ 5లో ఒక్క తప్పూ లేదు. అయినా లైవ్‌లో టైప్ ఎర్రర్ పడింది. ఇదెలా?

దాదాపు ప్రతిసారీ కారణం ఒకటే, మిక్స్‌డ్. ఫారం నుంచి పోస్ట్ ద్వారా వచ్చిన ప్రతి విలువా పీహెచ్‌పీస్టాన్ దృష్టిలో మిక్స్‌డ్, అంటే ఏదైనా కావచ్చు. జేసన్ విప్పితే వచ్చేదీ మిక్స్‌డే, పీడీఓ ఫెచ్‌తో డేటాబేస్ నుంచి వచ్చే వరుసా మిక్స్‌డే. ఏదైనా కావచ్చు అన్నదాన్ని ఇంట్ అడిగిన చోట ఇస్తే, 9 కంటే తక్కువ లెవెల్‌లో అది నోరెత్తదు.

మీ ప్రోగ్రాములో డేటా అంతా వచ్చేది ఈ మూడు దారుల్లోంచే. అంటే బయటి నుంచి వచ్చే నీరంతా తనిఖీ లేకుండా లోపలికి వస్తుంటే, లోపల కాలువలు మాత్రం శుభ్రంగా ఉన్నాయని రిపోర్టు వస్తోంది. కౌంట్ గడి ఖాళీగా వదిలి సేవ్ నొక్కితే ఖాళీ స్ట్రింగ్ వస్తుంది. దాన్ని ఇంట్ పారామీటర్‌కి ఇస్తే టైప్ ఎర్రర్. లెవెల్ 5కి ఇది కనిపించదు.

మొత్తం ప్రాజెక్టుని 9కి పెంచలేకపోతే, ఫారాలు తీసుకునే కంట్రోలర్ల ఫోల్డర్ ఒక్కదానికి వేరే కాన్ఫిగ్ ఫైల్ రాసి 9తో నడపండి. శ్రమ తక్కువ, దొరికేవి ఎక్కువ.

డేటాబేస్‌లో నంబరే ఉంది, కానీ స్ట్రింగ్ అంటోంది.

రూపాయల కాలమ్‌ని డెసిమల్‌గా పెట్టి ఉంటారు. మైఎస్‌క్యూఎల్ నుంచి డెసిమల్ ఎప్పుడూ స్ట్రింగ్‌గానే వస్తుంది, పైసలు తేడా రాకుండా. ఇంట్ కాలమ్‌ల సంగతి వేరు: 8.1 నుంచి ఎమ్యులేటెడ్ ప్రిపేర్‌లో (క్వెరీలో విలువల్ని పీడీఓనే పెట్టి పంపే పద్ధతిలో) కూడా ఇంట్‌గానే వస్తున్నాయి, అంతకు ముందు ఆ పద్ధతిలో అవీ స్ట్రింగులే. 8.1కి మారిన రోజున "ఇన్నాళ్లూ స్ట్రింగ్, ఇప్పుడు ఇంట్" అని ఫోన్లు రావడానికి కారణం అది. డబ్బుని ఫ్లోట్ చేయకండి. పైసల్లోకి మార్చి ఇంట్‌గా ఉంచండి, లేదా బీసీమ్యాథ్ ఎక్స్‌టెన్షన్‌తో స్ట్రింగ్‌గానే లెక్క చేయండి.

పారామీటర్ అర్రే, ఇచ్చిందీ అర్రే. ఇంకా తప్పంటోంది!

అర్రే అన్నది సంచి పేరు. లోపల ఏముందో కూడా రాయొచ్చు. ఫంక్షన్ పైన డాక్ కామెంట్‌లో "ఫ్లోట్ విలువల జాబితా" అనో, "కిలోలు ఫ్లోట్, కౌంట్ ఇంట్, రేటు ఇంట్ అనే మూడు కీలున్న అర్రే" అనో రాస్తే పీహెచ్‌పీస్టాన్ లోపలి దాకా చూస్తుంది. కీ పేరులో ఒక అక్షరం తప్పు రాసినా పట్టుకుంటుంది. నాకు ఇలా దొరికిన తప్పుల్లో సగం కీ పేర్ల తప్పులే.

## సరిచేసేటప్పుడు

ఆర్గ్యుమెంట్ ముందు ఇంట్ అని కాస్ట్ పెట్టాను, ఎర్రర్ పోయింది. అయిపోయినట్టేనా?

ఎర్రర్ పోయింది, తప్పు పోలేదు. కాస్ట్ అంటే విలువని బలవంతంగా వేరే టైపుకి మార్చడం, అది ఎప్పుడూ కాదనదు. "అరవై" అనే స్ట్రింగ్‌ని ఇంట్‌కి కాస్ట్ చేస్తే 0 వస్తుంది. "412.5"ని చేస్తే 412. ఖాళీ స్ట్రింగ్‌ని చేస్తే 0. ఇంతకుముందు కనీసం టైప్ ఎర్రర్ పడి ఆగేది, ఇప్పుడు తప్పు విలువ డేటాబేస్‌లోకి వెళ్లి కూర్చుంటుంది.

ఈ పేజీలో నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదే: తప్పు చూపించిన చోటు సాధారణంగా సరిచేయాల్సిన చోటు కాదు. శివారు చేలోకి నీరు బురదగా వస్తే ఆ చేను బోదెకి గుడ్డ కట్టి ఊరుకోం. పైకి నడిచి ఏ తూము దగ్గర గట్టు తెగిందో చూస్తాం. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట కట్టించినప్పటి నుంచి ఈ డెల్టా నీటి పంపకమంతా తల దగ్గర లాకులతోనే నడుస్తోంది. డేటాకీ అదే పద్ధతి. ఫారం విలువ లోపలికి అడుగుపెట్టే ఆ ఒక్క చోట పరీక్ష పెట్టండి. ఫిల్టర్ వార్ ఫంక్షన్‌కి వ్యాలిడేట్ ఇంట్ అని చెబితే సరైన పూర్ణ సంఖ్యయితే ఇంట్ ఇస్తుంది, కాకపోతే ఫాల్స్. ఫాల్స్ వస్తే గుమస్తాకి "కౌంట్ సరిగ్గా వేయండి" అని తెలుగులో చూపించి ఆపండి. ఆ లాకు దాటాక ఆ విలువ ఇంట్. తర్వాత పది ఫంక్షన్ల లోతుకి వెళ్లినా ఒక్క కాస్ట్ అక్కర్లేదు, ఎనాలిసిస్ కూడా ఒక్క మాట అనదు.

ఒక ప్రాజెక్టులో కోడంతా పరుచుకున్న కాస్టులు తీసి, ఇలాంటి పరీక్షలు ఫారాల దగ్గర పెట్టాం. ఫంక్షన్లు పొట్టివయ్యాయి, చదవడానికి హాయిగా ఉంది. గుమస్తాలు కూడా సంతోషించారు. తప్పు తమకి అప్పటికప్పుడే తెలుస్తోందని.

వేరియబుల్ పైన వార్ కామెంట్‌లో టైపు రాస్తే ఊరుకుంది. అలా వదిలేయొచ్చా?

అది మీరు ఇస్తున్న మాట, పరీక్ష కాదు. మిక్స్‌డ్ విలువ మీద "ఇది ఇంట్" అని కామెంట్ రాస్తే పీహెచ్‌పీస్టాన్ నమ్ముతుంది, పీహెచ్‌పీ మాత్రం ఆ కామెంట్‌ని చదవనే చదవదు. ఈజ్ ఇంట్ అని అడిగి, కాకపోతే ఎక్సెప్షన్ విసరండి. అప్పుడు ఇద్దరికీ తెలుస్తుంది. షరతు నిజమేనా అని చూసే అసర్ట్ వాడినా ఎనాలిసిస్‌కి సరిపోతుంది కానీ, ప్రొడక్షన్ సెట్టింగుల్లో అసర్ట్‌లు ఆపేసి ఉంటాయి. బయటి డేటాకి దాన్ని నమ్ముకోవద్దు.

కిలోలు, కౌంట్ తారుమారుగా ఇచ్చాను. పీహెచ్‌పీస్టాన్ పట్టుకోలేదేంటి?

ఎందుకంటే టైపు ప్రకారం తప్పు లేదు. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్య. 60 కౌంట్ సరుకు 412 కిలోలు, రేటు 300 అనుకోండి. 412, 60, 300 అని ఇవ్వాల్సింది 60, 412, 300 అని ఇచ్చారు. కిలోల పారామీటర్ ఫ్లోట్, కానీ ఫ్లోట్ అడిగిన చోట ఇంట్ ఇవ్వడానికి పీహెచ్‌పీ ఒప్పుకుంటుంది. కౌంట్ ఇంట్, 412 కూడా ఇంటే. అంతా సరే అంటుంది. 1,23,600 రూపాయల బిల్లు 18,000 అవుతుంది. తూకం 412.5 అయి ఉంటే మాత్రం ఇంట్ స్థానంలోకి ఫ్లోట్ వచ్చిందని పట్టేసేది. ఒకే తప్పు ఒక రోజు దొరికి, ఇంకో రోజు దొరక్కపోవడం ఇందువల్లే.

దీనికి మందు, అర్థానికి టైపు ఇవ్వడం. కిలోలు అని ఒక చిన్న క్లాసు, లోపల ఒక ఫ్లోట్. కౌంట్ అని ఇంకో క్లాసు, లోపల ఒక ఇంట్. బిల్లు ఫంక్షన్ కిలోలు ఆబ్జెక్టు, కౌంట్ ఆబ్జెక్టు అడుగుతుంది. అప్పుడు తారుమారు చేస్తే లెవెల్ 5లోనే దొరుకుతుంది. క్లాసు కన్‌స్ట్రక్టర్‌లోనే సున్నా కిలోలు, మైనస్ కిలోలు ఒప్పుకోనని కూడా రాసుకోవచ్చు. రీడ్ఓన్లీ ప్రాపర్టీ (ఒకసారి పెట్టాక మారనిది) 8.1 నుంచి ఉంది కనుక ఒక్కో క్లాసు పది లైన్లు దాటదు.

అంత మార్చే తీరిక లేకపోతే, 8.0లో వచ్చిన పేరుతో ఇచ్చే ఆర్గ్యుమెంట్లు వాడండి. పిలిచే చోట కిలోలు అని పేరు రాసి పక్కన విలువ పెడితే వరుసతో పని లేదు, చదివేవాళ్ల కంటికీ తెలుస్తుంది. అయితే ఇది మనిషి కంటికి సాయమే. పేరు పక్కన తప్పు విలువ పెడితే పట్టేవాళ్లు ఎవరూ లేరు. డబ్బు తగిలే చోట క్లాసులే రాయమని నా సలహా. ధాన్యం లెక్కల్లో బస్తాలు, కిలోలు, క్వింటాళ్లు మూడూ నడుస్తాయి. 75 కిలోల బస్తా లెక్కలో ఇచ్చిన సంఖ్యని క్వింటాళ్లు అడిగిన ఫంక్షన్‌కి పంపడం కంటే తేలికైన తప్పు లేదు.

ఫోన్ నంబరు, పిన్‌కోడ్ అంకెలే కదా, ఇంట్ పెట్టొచ్చా?

వద్దు. కూడికలు చేయని అంకెలు స్ట్రింగులు. భీమవరం ఎస్‌టీడీ కోడ్ 08816. దాన్ని ఇంట్ పారామీటర్‌కి స్ట్రింగ్‌గా ఇస్తే మామూలు పద్ధతిలో 8816 అయిపోతుంది, ముందున్న సున్నా తిరిగి రాదు.

ఇది నిజంగా పీహెచ్‌పీస్టాన్ పొరపాటే. ఆ ఒక్క లైను వదిలేయమని చెప్పొచ్చా?

చెప్పొచ్చు. ఆ లైను పైన ఇగ్నోర్ కామెంట్ రాసి, పక్కన ఆ తప్పు గుర్తింపు పేరు రాయండి. ఆర్గ్యుమెంట్ టైపు తప్పులకి అది "ఆర్గ్యుమెంట్ చుక్క టైప్". పేరు రాయకుండా మొత్తం లైనుని వదిలేయమనొద్దు. రేపు అదే లైన్లో వేరే తప్పు వచ్చినా దాగిపోతుంది. ఎందుకు వదిలేశారో అదే కామెంట్‌లో బ్రాకెట్లో ఒక వాక్యం రాయండి, ఏడాది తర్వాత చూసేది మీరే కావచ్చు.

## టీమ్‌లో వాడేటప్పుడు

నేను నడుపుతాను, మావాళ్లు నడపరు. ఏం చేయాలి?

మనుషుల మీద వదలకండి. తప్పులుంటే ఎనాలిసిస్ సున్నా కాని ఎగ్జిట్ కోడ్‌తో ముగుస్తుంది కనుక, గిట్‌లో కోడ్ కలిపే ముందు నడిచేలా సర్వర్‌లో పెడితే తప్పున్న కోడ్ కలవదు. మొదటి రెండు వారాలు గొణుగుతారు. రివ్యూలో "ఇక్కడ నల్ రావచ్చు కదా" అని సీనియర్లు చెప్పాల్సిన పని తగ్గాక గొణుగుడు తగ్గుతుంది.

లారావెల్‌లో మోడల్ ప్రాపర్టీలు దానికి అర్థం కావడం లేదు.

ఎలోక్వెంట్ (లారావెల్‌లో డేటాబేస్ మోడళ్లు చూసే భాగం) ప్రాపర్టీలు కోడ్‌లో రాసి ఉండవు, నడిచేటప్పుడు మ్యాజిక్ మెథడ్‌లతో పుడతాయి. లారాస్టాన్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకోండి. అది మైగ్రేషన్ ఫైళ్లు చదివి ఏ కాలమ్ ఏ టైపో తెలుసుకుంటుంది. వర్డ్‌ప్రెస్‌కైతే స్టబ్ ఫైళ్ల (ఫంక్షన్ల పేర్లు, టైపులు మాత్రమే ఉండే ఫైళ్ల) ప్యాకేజీ, దానికో ఎక్స్‌టెన్షన్ వేరుగా ఉన్నాయి.

టెస్టులు రాస్తున్నాం. మళ్లీ ఇది కూడానా?

టెస్టు మీరు ఇచ్చిన విలువలతో ఫలితం సరిగ్గా వచ్చిందా అని చూస్తుంది. ఎనాలిసిస్ మీరు ఊహించని పిలుపుల్లో కూడా టైపు కుదిరిందా అని చూస్తుంది. 60 కౌంట్‌కి రేటు తప్పుగా రాసి ఉంటే టెస్టే పట్టాలి. అర కిలో తెగిపోయే చోటు ఎనాలిసిస్ పట్టాలి, ఎందుకంటే టెస్టు రాసేటప్పుడు మనమంతా 400, 500 అని గుండు అంకెలే ఇస్తాం. నేను ఇచ్చింది కూడా అవే.

వేరియబుల్ పేర్లు తెలుగులో పెడితే ఎనాలిసిస్ ఒప్పుకుంటుందా?

ఒప్పుకుంటుంది. యూటీఎఫ్-8లో తెలుగు అక్షరాల బైట్లన్నీ పీహెచ్‌పీ పేర్లలో చెల్లుతాయి. "కిలోలు", "కౌంట్", "రేటు" అని నేరుగా రాసుకోవచ్చు. కీవర్డులు మాత్రం మామూలువే. ఒక జాగ్రత్త: తెలుగులో టైపు చేసేటప్పుడు పొల్లు తర్వాత కంటికి కనపడని విడదీసే అక్షరం ఒకటి పడుతుంటుంది. ఒక చోట అది ఉండి, ఇంకో చోట లేకపోతే చూడటానికి రెండు పేర్లూ దాదాపు ఒకేలా ఉంటాయి, పీహెచ్‌పీకి మాత్రం రెండు వేరు వేరు వేరియబుళ్లు. అప్పుడు పీహెచ్‌పీస్టాన్ లెవెల్ 0లోనే "ఈ వేరియబుల్ లేదు" అంటుంది. పేరు కళ్ల ముందే ఉన్నా అలా అంటోందంటే, ఆ పేరుని చెరిపేసి, డిక్లేర్ చేసిన చోటు నుంచి కాపీ చేసి పెట్టండి.